తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ మేనేజ్‌మెంట్‌లో డాక్టరేట్: పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ, ఆన్‌లైన్ డీబీఏ – ఏది ఎవరికి?

రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పదిహేనేళ్ల సర్వీసున్న మేనేజర్లకూ, తిరుపతి చుట్టుపక్కల ఎంబీఏ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లకూ ఇప్పుడు రెండు రకాల డాక్టరేట్లు అందుబాటులో ఉన్నాయి. ఒకటి, ఇక్కడి విశ్వవిద్యాలయంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ. రెండోది, ఫోన్ తెరిస్తే చాలు ప్రకటన కనిపించే ఆన్‌లైన్ డీబీఏ, అంటే డాక్టర్ ఆఫ్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్. ఏది చేసినా పేరు ముందు ‘డాక్టర్’ వస్తుంది కదా అని చాలామంది ఫీజు, గడువు మాత్రమే పోల్చుకుని డబ్బు కట్టేస్తారు. కానీ ఈ రెండూ వేర్వేరు సరుకులు. ఒకదానితో జరిగే పని రెండోదానితో జరగదు.

మా అంచనా ముందే చెప్పేస్తాం. నాయకత్వం, వ్యూహం మీద నిజంగా పరిశోధన చేయాలనుకునేవారికి తిరుపతిలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీయే మంచి బేరం. కాకపోతే ఒక షరతు ఉంది. గైడ్ ఎవరో, డేటా ఎక్కడ దొరుకుతుందో తేలాకే దరఖాస్తు పెట్టాలి. ముందు సీటు రానీ, మిగతావి తర్వాత చూసుకుందాం అనుకున్నవాళ్ల బండి మూడో ఏడు వచ్చేసరికి ఆగిపోతుంది. అలా ఆగినవాళ్లలో తెలివికి కొరత ఉన్నవాళ్లు తక్కువ. వాళ్లకు అందనిది డేటా.

ఆన్‌లైన్ డీబీఏ సంగతి

ముందుగా దీని సంగతి తేల్చేద్దాం. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మన దేశంలో ఏ విశ్వవిద్యాలయమూ పీహెచ్‌డీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదు. విదేశీ విద్యాసంస్థలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు అమ్మే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి 2022 అక్టోబరులోనే హెచ్చరించాయి. డీబీఏ అమ్మేవాళ్లు ‘మాది పీహెచ్‌డీ కాదు, డీబీఏ’ అని చెప్పి ఈ హెచ్చరికను దాటేస్తారు. మాట నిజమే. అయితే అది పీహెచ్‌డీ కానప్పుడు, దాన్ని చూపించి కాలేజీలో ప్రొఫెసర్ పోస్టు అడగడానికీ వీలుండదు. ఫోన్లో మాట్లాడే కౌన్సెలర్ ఈ రెండో సగం చెప్పరు.

అలాగని డీబీఏను పూర్తిగా తీసిపారేయలేం. సొంత వ్యాపారం ఉన్నవారికి, కన్సల్టెన్సీ పెట్టుకున్నవారికి, బహుళజాతి సంస్థలో పై మెట్టు చూస్తున్నవారికి మంచి బిజినెస్ స్కూల్ ఇచ్చే డీబీఏ బాగా పనికొస్తుంది. అక్కడ ప్రశ్న పుస్తకంలోంచి కాకుండా పని చేసే చోటునుంచే పుడుతుంది. తోటి విద్యార్థులు కూడా అనుభవం ఉన్నవాళ్లే. మంచి స్కూలేనా అని తెలుసుకోవాలంటే ప్రకటనలో లోగోలు చూస్తే సరిపోదు. ఏఏసీఎస్‌బీ, ఈక్విస్, ఆంబా – ఈ మూడూ బిజినెస్ స్కూళ్లకు ఇచ్చే గుర్తింపులు. వాటిని ఇచ్చే సంస్థల సొంత వెబ్‌సైట్లో ఆ స్కూల్ పేరు అక్షరం పొల్లు పోకుండా ఉందో లేదో మీరే వెతకాలి. పట్టా మీద సంతకం ఎవరిది? మధ్యలో ఉన్న ఎడ్‌టెక్ కంపెనీదా, విశ్వవిద్యాలయానిదా? థీసిస్‌ను బయటి పరీక్షకులు చూస్తారా? అయ్యాక అది అందరూ చదివేలా ఎక్కడైనా ఉంచుతారా? ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా ఈమెయిల్ రాకపోతే అక్కడితో వదిలేయండి. ఫీజు లక్షల్లో ఉంటుంది. ఈఎంఐ అంటే చాలా చోట్ల అది మీ పేరు మీద తీసే లోను. మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు. సంతకం పెట్టేముందు రీఫండ్ షరతులు మొత్తం చదవాలి.

ఈ రెండింటికీ నడుమ ఇంకో దారి ఉంది. కొన్ని ఐఐఎంలు ఉద్యోగుల కోసం డాక్టరేట్ నడుపుతున్నాయి. 2017 నాటి ఐఐఎం చట్టం వచ్చాక ఆ సంస్థలు సొంతంగా డిగ్రీలు ఇవ్వగలుగుతున్నాయి. ఖర్చు భరించగలిగి, అప్పుడప్పుడు వారాల తరబడి క్యాంపస్‌కు వెళ్లగలిగితే అది మేలైన దారే.

సీటు

తిరుపతిలో ఉన్నవారికి మొదట గుర్తొచ్చేవి 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, మహిళలకైతే 1983లో వచ్చిన శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం. కుప్పం వైపు వారికి ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. ఇవి కాక ప్రైవేటు విశ్వవిద్యాలయాలున్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చేరడానికి రాష్ట్ర పరిశోధన ప్రవేశ పరీక్ష ఏపీఆర్‌సెట్ గానీ, జాతీయ అర్హత పరీక్ష యూజీసీ నెట్ గానీ దారి. పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగులకు 5 శాతం సడలింపు ఉంది.

ప్రవేశ పరీక్షలో సగం పరిశోధనా పద్ధతులు, సగం సబ్జెక్టు ఉండాలన్నది యూజీసీ నియమం. పరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఎంబీఏ చేసి పదేళ్లయినవారు మార్కెటింగ్, ఫైనాన్స్ తిరగేసి, పద్ధతుల సగాన్ని గాలికొదిలేస్తారు. మార్కులు పోయేది అక్కడే. శాంప్లింగ్ రకాలు, టైప్ 1, టైప్ 2 పొరపాట్లు, స్కేళ్లలో తేడాలు, వ్యాలిడిటీ, రిలయబిలిటీ – రోజుకో గంట చొప్పున రెండు నెలలు కూర్చుంటే ఇవి వచ్చేస్తాయి. 2024 జూన్ నుంచి నెట్ ఫలితాలు మూడు వర్గాలుగా వస్తున్నాయి. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) రాకపోయినా ‘పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే’ అనే వర్గంలో అర్హత దక్కవచ్చు. ఆ మార్కులు ఒక ఏడాదే చెల్లుతాయి కాబట్టి నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో కనిపెట్టుకుని ఉండాలి.

మీ లక్ష్యం డిగ్రీ కాలేజీలోనో విశ్వవిద్యాలయంలోనో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం మాత్రమే అయితే ఒక మాట. 2023 జులై నుంచి ఆ పోస్టుకు నెట్, రాష్ట్రస్థాయి పరీక్షలైన సెట్, స్లెట్‌లలో ఏదో ఒకటి కనీసార్హత. పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ముందు నెట్ కొట్టండి.

గైడ్

ఈ సరుకు మొత్తంలో ఖరీదైన భాగం గైడ్. ప్రొఫెసర్ దగ్గర ఏ సమయంలోనైనా ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు స్కాలర్లకు మించి ఉండకూడదు. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు సర్వీసు మిగిలినవారు కొత్తవారిని తీసుకోకూడదు. పాతవారికి మాత్రం రిటైరయ్యాక 70 ఏళ్లు వచ్చేవరకూ కో-గైడ్‌గా ఉండొచ్చు. అందుకే ‘సార్, ఖాళీ ఉందా?’ అని మాత్రమే అడిగి ఊరుకోకండి. సర్వీసు ఇంకా ఎన్నేళ్లుందో మర్యాదగా కనుక్కోండి. పార్ట్‌టైమ్ వాళ్లకు ఐదేళ్లు పట్టడం మామూలే. నాలుగేళ్ల సర్వీసున్న గైడ్‌ను పట్టుకుంటే చివరి ఏడాది కాగితాలు పట్టుకుని కొత్త గైడ్ చుట్టూ తిరగాలి.

గైడ్‌ను కలవకముందే శోధ్‌గంగ తెరవండి. దేశంలోని విశ్వవిద్యాలయాలు తమ థీసిస్‌లు ఉంచే చోటు అది, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. ఆ గైడ్ కింద వచ్చిన రెండు మూడు థీసిస్‌లు తీసి, పద్ధతుల అధ్యాయం మాత్రం చదవండి. అన్నిట్లో అదే ప్రశ్నావళి, అవే పట్టికలు, ఊరి పేరొక్కటే మారి ఉంటే, మీదీ అలాగే తయారవుతుంది. ఒక థీసిస్‌లో కేస్ స్టడీ, ఇంకోదాంట్లో కంపెనీల లెక్కల మీద విశ్లేషణ ఉంటే ఆయనకు స్కాలర్ ప్రశ్నను బట్టి పద్ధతి మార్చే అలవాటు ఉన్నట్టు. ఆ గైడ్ కోసం ఒక ఏడాది ఆగినా నష్టం లేదు.

ఎన్‌ఓసీ, కోర్స్‌వర్క్

పార్ట్‌టైమ్‌కు మీ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం)లో మూడు విషయాలు స్పష్టంగా ఉండాలి. పార్ట్‌టైమ్‌లో చదువుకోవడానికి అనుమతి ఇస్తున్నామని ఒకటి, ఉద్యోగ బాధ్యతలు పరిశోధనకు తగినంత సమయం ఇవ్వగలవని రెండు, అవసరమైతే కోర్స్‌వర్క్ (పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన తరగతులు) కోసం విధులనుంచి రిలీవ్ చేస్తామని మూడు. హెచ్‌ఆర్ వాళ్లు ‘మాకు అభ్యంతరం లేదు’ అని ఒక్క వాక్యం రాసి ముద్ర కొట్టిస్తారు. అది వెనక్కొస్తుంది. మూడు వాక్యాలూ మీరే టైప్ చేయించి తీసుకెళ్లడం మంచిది. మూడో వాక్యం దగ్గర ఫ్యాక్టరీ యాజమాన్యాలు జంకుతాయి. కోర్స్‌వర్క్ తరగతుల తేదీలు డిపార్ట్‌మెంట్‌లో అడిగి, ఆ రోజులకు సెలవు పెట్టుకునే ప్లానుతో సహా చూపిస్తే సంతకం సులువుగా పడుతుంది.

కోర్స్‌వర్క్ 12 నుంచి 16 క్రెడిట్లు. కనీసం 55 శాతం రావాలి. అందులో పరిశోధనా నైతికత మీద రెండు క్రెడిట్ల పేపరు ఉంటుంది. ఇది పెద్ద గండమేమీ కాదు. మొత్తం కాలం కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు దొరుకుతాయి. మహిళలకూ 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికీ అదనంగా మరో రెండేళ్లు ఇవ్వవచ్చు. మహిళలకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు మొత్తం మీద 240 రోజుల వరకు ఉంది. ప్రతి సెమిస్టర్‌లో రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని చూపించాలి. దీన్ని మొక్కుబడిగా తీసుకునే కమిటీలూ ఉన్నాయి. గట్టిగా ప్రశ్నించే కమిటీ దొరికితే అదృష్టమనే అనుకోవాలి. చివరి మౌఖిక పరీక్ష అయిన వైవాలో అడగబోయేదే వాళ్లు రెండేళ్ల ముందు అడుగుతారు.

ఫీజు దగ్గర ఒక లెక్క చాలామంది మర్చిపోతారు. 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థల వారికి 30 ప్రచురణ సంస్థల జర్నల్స్, సుమారు 13,000, అందుతున్నాయి. వ్యూహం, నాయకత్వం మీద వచ్చే మంచి వ్యాసాల్లో చాలా భాగం డబ్బు కడితే గానీ తెరుచుకోవు. ఒక్కో వ్యాసానికి డాలర్లలో అడుగుతారు. ఐదేళ్లలో మూడు నాలుగు వందల వ్యాసాలు చదవాలి. ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఐడీ కార్డుకు ఈ ఒక్క కారణంతోనే బోలెడు విలువ వచ్చింది. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరేవాళ్లు అక్కడి లైబ్రరీకి ఏ డేటాబేసులున్నాయో ముందే అడగాలి. కంపెనీల ఆర్థిక లెక్కల మీద పని చేసేవాళ్లయితే సీఎంఐఈ వారి ప్రోవెస్ అనే కంపెనీల లెక్కల డేటాబేసు ఉందో లేదో కూడా కనుక్కోవాలి. అది లేక దారిలో అంశం మార్చుకునేవాళ్లున్నారు.

అంశం: మామిడి గుజ్జు దగ్గర ఒకసారి ఆగుదాం

పరిశోధన ప్రతిపాదనల్లో, అంటే సినాప్సిస్‌లలో తరచూ కనిపించే శీర్షిక ఇలా ఉంటుంది: ‘ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఎంపిక చేసిన పరిశ్రమల్లో నాయకత్వ శైలులు, సంస్థ పనితీరుపై వాటి ప్రభావం – ఒక అధ్యయనం’. వినడానికి బాగానే ఉంటుంది, పని మాత్రం నడవదు. ‘ఎంపిక చేసిన పరిశ్రమలు’ అంటే బ్యాటరీ, పాలు, గ్రానైటు, గుజ్జు అన్నీ ఒకే గంపలో పడతాయి. వీటి లాభనష్టాలకు కారణాలు ఒకదానికొకటి సంబంధం లేనివి. ‘పనితీరు’ను కొలిచేది ఉద్యోగుల అభిప్రాయంతో. అదే ఉద్యోగి, అదే కాగితం మీద, అదే రోజు తన బాస్ గురించీ రాస్తాడు, కంపెనీ గురించీ రాస్తాడు. ఆ రోజు మనసు బాగుంటే రెండూ బాగుంటాయి. దాన్నే నాయకత్వ ప్రభావం అనుకుంటాం.

అదే నేలమీద అసలైన ప్రశ్న ఒకటి ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల గుజ్జు ఫ్యాక్టరీలన్నీ దాదాపు అదే తోతాపురి కాయ కొంటాయి, అదే సీజన్లో ఆడతాయి, ఎగుమతైతే చెన్నై రేవు నుంచే పంపుతాయి. 2025 సీజన్లో ధర పడిపోయి, కిలోకు ఫ్యాక్టరీ రూ.8, ప్రభుత్వం రూ.4 చొప్పున రైతుకు రూ.12 దక్కేలా చూడాల్సి వచ్చింది. నిల్వ పేరుకుపోయిన అలాంటి ఏడాదిలో ఒక ఫ్యాక్టరీ నిలబడి, పక్కది ఎందుకు తడబడుతుంది? యజమాని తీసుకున్న నిర్ణయాలు ఏమిటి? సీజన్‌కు ముందే తోటలతో ఒప్పందం చేసుకున్నారా, ర్యాంపు (కాయల కొనుగోలు కేంద్రం) దగ్గర కొన్నారా? మామిడి అయిపోయాక జామ, బొప్పాయి, టమాటా ఆడించారా, షట్టర్ దించేశారా? సొంతంగా ఎగుమతి చేశారా, మర్చంట్ ఎక్స్‌పోర్టర్‌కు ఇచ్చేశారా? తండ్రి చేతినుంచి కొడుకుకో కూతురుకో పగ్గాలు వచ్చాక వీటిలో ఏది మారింది?

ఈ ప్రశ్నకు సిద్ధాంతం వెతుక్కోవాల్సిన అవసరం రాదు. సంస్థకున్న వనరుల్లో విలువైనవి, అరుదైనవి, అనుకరించలేనివి ఏవో చూడమని బార్నీ 1991లో అన్నారు. మారుతున్న పరిస్థితికి తగ్గట్టు ఆ వనరులను మళ్లీ అమర్చుకునే సామర్థ్యం గురించి టీస్, పిసానో, షూన్ 1997లో రాశారు. సంస్థ తీసుకునే దారిలో పై స్థాయి మనుషుల నేపథ్యం కనిపిస్తుందని హాంబ్రిక్, మేసన్ 1984లో వాదించారు. కుటుంబ ఫ్యాక్టరీలో పగ్గాలు చేతులు మారడాన్ని పరిశీలించడానికి ఈ మూడోది చక్కగా సరిపోతుంది. ఈ మూడు సిద్ధాంతాలనూ ఒకే థీసిస్‌లో కుక్కొద్దు. ఒకదాన్ని వెన్నెముకగా పెట్టుకోండి, ఇంకోదాన్ని దానికి పోటీగా నిలబెట్టండి.

ఫ్యాక్టరీల సంఖ్య తక్కువ కాబట్టి ఇక్కడ సర్వే కుదరదు. ఆరు నుంచి ఎనిమిది ఫ్యాక్టరీలను కేసులుగా తీసుకోవాలి. ఒక్కోదాంట్లో యజమాని, తర్వాతి తరం, కొనుగోళ్లు చూసే మనిషి, ప్రొడక్షన్ మేనేజర్ – నలుగురితో మాట్లాడితే సుమారు ముప్పై ఇంటర్వ్యూలు. జూన్, జులై నెలల్లో గేటు దగ్గరికి కూడా వెళ్లకండి. ఆడించే రోజుల్లో వాళ్లకు నిద్రే ఉండదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అయితే కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడతారు. హోటళ్ల మీద పనిచేసేవారు ఇదే లెక్కన తిరుమల బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి వారాలు వదిలేయాలి. గంట ఇంటర్వ్యూను అక్షరాల్లోకి దించడానికి ఐదారు గంటలు పడుతుంది. ముప్పైకి 150 నుంచి 180 గంటలు. సాయంత్రాలు రెండేసి గంటలు కూర్చున్నా మూడు నెలల పని ఇది. దీన్ని ప్లానులో రాసుకోనివాళ్లే ఎక్కువ.

లెక్కల దగ్గర ఇంకో చిక్కు. కంపెనీగా రిజిస్టరైన ఫ్యాక్టరీ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్లో రూ.100 కట్టి దాని పత్రాలు చూడొచ్చు. భాగస్వామ్య సంస్థ అయితే అక్కడేమీ దొరకదు. అప్పుడు కరెంటు బిల్లులు, డ్రమ్ముల లెక్క, వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ ఎపెడా ఇచ్చే దేశాలవారీ ఎగుమతి అంకెలు – ఇలా పక్కదారిన వెళ్లి సరిచూసుకోవాలి. ఫ్యాక్టరీ పేరు థీసిస్‌లో రాదని మొదటిరోజే సంతకం చేసిన ఉత్తరం ఇవ్వండి. అది లేకుండా బిల్లులు ఎవరూ చూపించరు.

ప్రశ్నావళి: ఒక్క మాటతో ఎంత తేడా

పెద్ద ఫ్యాక్టరీలో ప్రత్యక్షంగా కార్మికుల దగ్గర నాయకత్వం కొలవాలనుకుంటే ప్రశ్నావళి తప్పదు. బాస్‌కూ కింద పనిచేసేవారికీ ఉన్న సంబంధాన్ని కొలిచే ఎల్‌ఎంఎక్స్-7 అనే ఏడు ప్రశ్నల స్కేలు బాగా వాడుకలో ఉంది. మల్టీఫ్యాక్టర్ లీడర్‌షిప్ ప్రశ్నావళికి 45 అంశాలున్నాయి, దానికి లైసెన్సు కొనాలి. కొనకుండా ఎవరి థీసిస్‌లోంచో దించేసుకుంటే రేపు వ్యాసం వేసే దగ్గర ఇరుక్కుంటారు.

ఎల్‌ఎంఎక్స్-7లో ఒక ప్రశ్న, మీ పని సమస్యలను, అవసరాలను మీ లీడర్ ఎంతవరకు అర్థం చేసుకుంటారు అని అడుగుతుంది. దాన్ని ఉన్నదున్నట్టు తెలుగు చేసి షాప్ ఫ్లోర్‌లో ఇచ్చి చూడండి. ‘లీడర్’ అనగానే కార్మికుడి మనసులో మెదిలేది యూనియన్ నాయకుడు, లేదంటే ఊళ్లో పార్టీ నాయకుడు. ‘నాయకుడు’ అని రాస్తే ఇంకా దూరం పోతుంది. మీరు అడగాలనుకున్న మనిషి షిఫ్ట్ ఇన్‌ఛార్జి. ఆ మాటే రాయాలి. ‘అవసరాలు’ అంటే జీతం అడ్వాన్సు, సెలవు అని తీసుకుంటారు. ‘పని చేయడానికి మీకు కావలసినవి – సామాను, సమాచారం, మనుషులు’ అని విప్పి చెప్పాలి. ఒకరు తెలుగు చేశాక, అసలు ఇంగ్లిష్ చూడని ఇంకొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి, తేడా వచ్చిన మాటలు దిద్దుకోవడం పాత పద్ధతే, మంచి పద్ధతి. దాని తర్వాత పది పదిహేను మందిని కూర్చోబెట్టి ‘ఈ ప్రశ్న మీకేమనిపించింది?’ అని నోటితో చెప్పించుకోవాలి. రెండు రోజుల పని ఇది. ఇది వదిలేసినవాళ్ల డేటాలో అందరూ ఐదుకు నాలుగు వేసి ఉంటారు.

కాగితాలు హెచ్‌ఆర్ చేతికిచ్చి పంచమనకండి, వాళ్ల చేత వసూలు చేయించకండి. హెచ్‌ఆర్ చూస్తుందని తెలిశాక ఏ కార్మికుడూ ఇన్‌ఛార్జిని తక్కువగా రాయడు. క్యాంటీన్ దగ్గర మూతికి చీలిక ఉన్న పెట్టె పెట్టి, కవర్లో పెట్టి వేయమనాలి. పనితీరు సంఖ్యను మాత్రం వాళ్ల నోటినుంచి తీసుకోకుండా, షిఫ్టువారీ రిజెక్షన్ శాతం, గైర్హాజరు వంటి రికార్డులనుంచి తీసుకుంటే ఇందాక చెప్పిన ‘ఒకే మనిషి, ఒకే కాగితం’ జబ్బు తగ్గుతుంది. జవాబులన్నిటి వెనక ఒకే ఉమ్మడి కారణం ఎంత ఉందో చూసే హార్మన్ టెస్ట్ చేశాం, 50 శాతం దాటలేదు కాబట్టి సమస్యే లేదని రాయడం చాలా బలహీనమైన సమాధానం.

384

ఈ అంకె థీసిస్‌ల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. పెద్ద జనాభానుంచి యాదృచ్ఛికంగా మనుషులను తీసి, ఒక శాతాన్ని 5 శాతం అటూ ఇటూ తేడాతో అంచనా వేయాలంటే కావలసిన సంఖ్య అది. క్రెజ్‌సీ, మోర్గన్ 1970లో ఇచ్చిన పట్టికలోది. తెలిసినవాళ్లకు గూగుల్ ఫారం పంపి 384 చేశామంటే ఆ పట్టికతో సంబంధమే లేదు. ఐదు కారణాంశాల ప్రభావాన్ని లెక్కగట్టే రిగ్రెషన్ చేస్తూ మధ్యస్థ ప్రభావాన్ని 80 శాతం పవర్‌తో, అంటే ఉన్న ప్రభావం కనబడే అవకాశం 80 శాతం ఉండేలా, పట్టుకోవడానికి 92 మంది చాలు.

దీనికి అవతలివైపు ఇంకో తప్పుంది. ఆరు ప్లాంట్ల నుంచి యాభై మంది చొప్పున 300 మందిని అడిగారనుకుందాం. ఒకే ప్లాంట్ వాళ్ల జవాబులు కొంత ఒకేలా ఉంటాయి. ఆ పోలిక 0.10 అనుకుంటే, 1 + 49 × 0.10 (49 అంటే యాభైలో ఒకటి తీసేయగా మిగిలింది), అంటే 5.9తో భాగించాలి. 300 కాస్తా సుమారు 51 అవుతుంది. ప్లాంట్ హెడ్ నాయకత్వం మీద మాట్లాడాలంటే మీ దగ్గర ఉన్నది నిజానికి ఆరుగురు హెడ్‌లే. అందుకే షిఫ్ట్ ఇన్‌ఛార్జిల స్థాయిలో ప్రశ్న వేసుకుని, నలభై యాభై మంది ఇన్‌ఛార్జిలు, ఒక్కొక్కరి కింద ఐదారుగురు వచ్చేలా డేటా సేకరించి, ఇన్‌ఛార్జి స్థాయినీ కార్మికుల స్థాయినీ విడివిడిగా లెక్కలోకి తీసుకునే మల్టీలెవెల్ విశ్లేషణ చేయడం మేలు. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితం, జామోవి అనేదీ ఉచితమే, తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లు కూడా జామోవి వారంలో నేర్చుకుంటారు. జిరాక్స్ షాపుల గోడల మీద ‘డేటా అనాలిసిస్ చేసి పెట్టబడును’ అనే కాగితాలుంటాయి. వాళ్లిచ్చే పట్టికలు అందంగానే ఉంటాయి. వైవాలో ‘ఈ అంకె ఎలా వచ్చింది?’ అంటే జవాబు చెప్పాల్సింది మాత్రం మీరు.

చివరి మైలు

2022 నిబంధనల్లో థీసిస్ ఇవ్వడానికి ముందు పేపరు ప్రచురించి తీరాలన్న షరతు తీసేశారు. అయినా విశ్వవిద్యాలయాలు సొంత నియమం పెట్టుకోవచ్చు కాబట్టి డిపార్ట్‌మెంట్‌లో అడగాలి. ఆమోదించిన జర్నళ్ల యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో యూజీసీ ఆపేసింది. ఇప్పటికీ ‘కేర్ లిస్ట్‌లో వారంలో వేయిస్తాం’ అని వాట్సాప్‌లో వచ్చేవన్నీ డబ్బు గుంజే బాపతే.

కాపీ విషయంలో 2018 నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. పోలిక 10 శాతం లోపైతే శిక్ష లేదు. 10 దాటి 40 వరకు ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. పోలిక పెరిగేది సాధారణంగా సాహిత్య సమీక్ష అధ్యాయంలో. ఒక్కో వ్యాసానికి ఒక్కో పేరా చొప్పున సారాంశాలు పేర్చుకుంటూ పోతే అలాగే అవుతుంది. వ్యాసాలవారీగా కాకుండా వాదనలవారీగా రాస్తే పోలిక దానంతటదే తగ్గుతుంది, అధ్యాయమూ చదవబుద్ధవుతుంది. మీరే వేసిన పేపరులోని భాగం థీసిస్‌లో ఉంటే ఆ సంగతి ముందే ప్రకటించాలి.

థీసిస్ ఇచ్చేముందు డిపార్ట్‌మెంట్‌లో చేసే ప్రసంగం, అంటే ప్రీ-టాక్ అయ్యాక థీసిస్ గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకుల దగ్గరికి వెళ్తుంది. నివేదికలు వచ్చి వైవా పూర్తయ్యేదాకా ఆరు నెలల్లో ముగియాలన్నది నియమం. గైడ్ పట్టించుకుని గుర్తుచేస్తూ ఉంటేనే ఆ గడువు నిలుస్తుంది. వైవా రోజున స్లయిడ్లతో పాటు ఫీల్డ్ డైరీ, అనుమతి పత్రాలు, కోడ్ చేసిన ముడి డేటా ఫైలు, తెలుగు ప్రశ్నావళి మొదటి ప్రతి, దిద్దిన ప్రతి కూడా వెంట ఉంచుకోండి. ఇన్‌ఛార్జి అనే మాట ఎందుకు వాడారని ఎవరైనా అడిగితే ఆ రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.